పెదవి మీద వేలు: రొకోకో చిత్రాల్లో ఏకాంతం, రహస్యం

సభకు నమస్కారం. ముందుగా ఒక చిన్న మనవి. తెర మీద ఇప్పుడు కనిపిస్తున్న చిత్రాన్ని ఒక నిమిషం పాటు మౌనంగా చూడండి. మీ చూపు మొదట ఎక్కడ ఆగిందో, అక్కడి నుంచి ఎటు మళ్లిందో గుర్తుంచుకోండి. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నదంతా ఆ చూపు నడిచిన దారి గురించే.

మీలో చాలామంది చూపు మొదట ఆ గులాబీరంగు గౌను మీద ఆగి ఉంటుంది. చుట్టూ నీలం కలిసిన పచ్చని చీకటిలో మునిగిన తోట, కొమ్మలు విరబోసుకున్న పాత చెట్లు, వాటి నడుమ వెలుగంతా తానే మూటగట్టుకున్నట్టు ఉయ్యాల మీద ఒక యువతి. ఆమె ఒక పాదం పైకి లేచింది. ఆ పాదానికి ఉండవలసిన చెప్పు ఊడి గాలిలో తేలుతోంది. చెప్పు పోతున్న వైపు చూస్తే రాతి పీఠం మీద రెక్కల మన్మథుడి విగ్రహం కనిపిస్తుంది. కిందికి దిగితే గులాబీ పొదలో వెనక్కి వాలి, చేతిలోని టోపీని ముందుకు చాచి, కళ్లు విప్పార్చుకుని పైకి చూస్తున్న యువకుడు ఉన్నాడు. మరోవైపు నీడలో కూర్చుని, తాళ్లు పట్టుకుని ఉయ్యాల ఊపుతున్న పెద్దవయసు మనిషి ఉన్నాడు. ఆయన నవ్వుతున్నాడు. పొదలో ఎవరున్నదీ ఆయనకు తెలియదు. ఆయనకు దగ్గరలోనే ఒక చిన్న తెల్లకుక్క మొరుగుతోంది గాని దాని మాట వినేవారు ఆ తోటలో లేరు.

జాన్ ఒనోరె ఫ్రాగొనార్ 1767-68 ప్రాంతంలో వేసిన ఈ చిత్రాన్ని లోకమంతా ‘ఉయ్యాల’ అంటుంది. ఫ్రెంచిలో దాని పూర్తి పేరుకు ‘ఉయ్యాల వల్ల కలిసివచ్చిన అదృష్టాలు’ అని చెప్పుకోవచ్చు. ఇది లండన్‌లోని వాలెస్ కలెక్షన్‌లో ఉంది. ఎత్తు 81 సెంటీమీటర్లు, వెడల్పు సుమారు 64 సెంటీమీటర్లు. పుస్తకాల్లో, తెరల మీద దీన్ని చూసి చూసి ఒక గోడంత ఉంటుందని ఊహించుకున్నవారు అసలు చిత్రం ముందు నిలబడినప్పుడు ఆశ్చర్యపోతారు. నేనూ అలాగే ఆశ్చర్యపోయాను. ఇది పదిమంది కలిసి నిలబడి చూసే చిత్రం కాదు. ఒకరు, లేదా మహా అయితే ఇద్దరు, దగ్గరగా వచ్చి చూడవలసినది. ఆ కొలతలోనే ఏకాంతం ఉంది.

ఈ చిత్రం పుట్టిన కథ మనకు షార్ల్ కొలె అనే నాటకరచయిత దినచర్య పుస్తకం ద్వారా తెలిసింది. 1767 అక్టోబరులో గాబ్రియెల్ ఫ్రాంస్వా దొయెన్ అనే చిత్రకారుడు ఆయనకు ఒక సంగతి చెప్పాడు. ఆ ఏడాది పారిస్ సాలోన్ ప్రదర్శనలో దొయెన్ వేసిన పెద్ద మతచిత్రానికి మంచి పేరు వచ్చింది. కొద్ది రోజులకే రాజాస్థానానికి చెందిన ఒక పెద్దమనిషి ఆయన్ని పిలిపించాడు. వెళ్లి చూస్తే ఆ పెద్దమనిషి ఊరికి దూరంగా ఉన్న తన విడిది ఇంట్లో, ప్రేయసితో ఉన్నాడు. ఆమెను ఉయ్యాల మీద కూర్చోబెట్టి, ఒక బిషప్ ఆ ఉయ్యాలను ఊపుతున్నట్టు వేయమనీ, ఆమె కాళ్లు కనిపించే చోట తనను ఉంచమనీ ఆయన కోరాడు. అంతకు ముందే ఒక సాధ్వి మహిమను చిత్రించి వచ్చిన దొయెన్ నివ్వెరపోయాడు. అయినా ఆయనలోని చిత్రకారుడు ఊరుకోలేదు. ఆమె చెప్పులు గాలిలోకి ఎగిరినట్టు, వాటిని చిన్న మన్మథులు పట్టుకుంటున్నట్టు వేస్తే ఇంకా బాగుంటుందని సలహా ఇచ్చి, పని మాత్రం తనవల్ల కాదని చెప్పి ఫ్రాగొనార్ దగ్గరికి పంపాడు.

ఫ్రాగొనార్ ఒప్పుకున్నాడు. కాని కోరింది కోరినట్టు వేయలేదు. బిషప్‌ను తీసేసి ఆ చోట మామూలు దుస్తుల్లో ఉన్న ఒక పెద్దవయసు మనిషిని కూర్చోబెట్టాడు. పోషకుడు అడిగింది మతాచార్యుల మీద ఒక ఎకసెక్కెం. చిత్రకారుడు ఇచ్చింది అంతకన్నా లోతైనది. మతగురువు ఉంటే చూసేవాళ్లు నవ్వి వెళ్లిపోయేవారు; ఎవరో తెలియని ఆ ముసలాయన ఉన్నందువల్ల ఆమెకు ఆయన ఏమవుతాడని మనం అడగడం మొదలుపెడతాం. భర్తా, సంరక్షకుడా, బంధువా? చిత్రం జవాబు చెప్పదు. చెప్పకపోవడమే ఆ చిత్రం చేసే పని.

ఇక్కడ నా వాదనను సూటిగా మీ ముందు పెడతాను. ఇద్దరు మాత్రమే ఉన్నచోట ఉండేది ఏకాంతం. మూడో మనిషి దగ్గరలో ఉండి, అతనికి తెలియకుండా జరిగినప్పుడే అది రహస్యం అవుతుంది. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రాన్సులో రొకోకో శైలి చిత్రకారులు ప్రేమికులను చిత్రించారని అందరూ అంటారు. నిజానికి వారు ఎక్కువ శ్రద్ధ పెట్టింది ఆ మూడో మనిషి మీద, అతడు లేనప్పుడు అతని స్థానంలో నిలబడే తలుపు మీద, గోడ మీద, విగ్రహం మీద. ఆ తర్వాత నాలుగో మనిషిని కూడా రప్పించారు. ఆ నాలుగో మనిషి మనమే. మనకు అన్నీ కనిపిస్తాయి, ఎవరికీ చెప్పకూడదని ముందే మాట తీసుకుంటారు.

ఆ మాట తీసుకునేది ఎవరో తెలుసుకోవాలంటే మళ్లీ ఆ విగ్రహం వైపు చూడాలి. పీఠం మీద ఉన్న మన్మథుడు ఫ్రాగొనార్ ఊహించిన బొమ్మ కాదు. ఎతియెన్ మొరిస్ ఫాల్కొనె అనే శిల్పి, ఫ్రాన్సు రాజు పదిహేనో లూయీకి ఆంతరంగికురాలైన మదాం ద పాంపదూర్ కోసం చెక్కిన పాలరాతి శిల్పం అది. 1757 సాలోన్‌లో ప్రదర్శించారు. పింగాణీలో చిన్న బొమ్మలుగా కూడా వచ్చినందువల్ల అప్పటి పారిస్ సంపన్నుల ఇళ్లలో దాన్ని గుర్తుపట్టనివారు అరుదు. ఒక చేత్తో అమ్ములపొదిలోంచి బాణం మెల్లగా తీస్తూ, రెండో చేతి వేలిని పెదవి మీద ఆనించి ‘ష్’ అంటున్నాడు. బాణం ఎవరి మీదికో తెలియదు. మౌనం మాత్రం అందరికీ ఆజ్ఞ. చిత్రంలో ఆ వేలు యువతికి, యువకుడికి, మొరిగే కుక్కకు, చూసే మనకు ఒకేసారి చెబుతోంది. ముసలాయనకు మాత్రం ఆ సైగ అందదు.

ఈ మౌనం ఆ కాలానికి ఎందుకంత అవసరమైందో తెలుసుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. పద్నాలుగో లూయీ బతికి ఉన్నంతకాలం వెర్సాయ్ రాజభవనంలో చాటు అనేదే లేదు. రాజు నిద్ర లేవడం ఒక ఉత్సవం, పడుకోవడం ఒక ఉత్సవం. ఆయన భోజనం చేస్తుంటే నిలబడి చూసేవారు ఉండేవారు. రాణి ప్రసవం కూడా సాక్షుల ఎదుటే జరిగేది. పుట్టిన బిడ్డ రాజవంశపు బిడ్డేనని లోకానికి రుజువు కావాలి కదా. 1715లో ఆయన మరణించాక, బాలుడైన కొత్త రాజు తరఫున పాలన చేసిన ఓర్లెయాన్ ప్రభువు రాజసభను పారిస్‌కు మార్చాడు. కులీనులు నగరంలో సొంత భవనాలు కట్టుకున్నారు, ఉన్నవాటిని సరిచేసుకున్నారు. బారులు తీరిన పెద్ద గదులు పోయి చిన్న గదులు వచ్చాయి. ఒక గదిలోంచి మరో గదిలోకి అందరి ముందు నుంచి కాకుండా పక్కదారిన వెళ్లే సన్నని నడవలు, గోడలో కలిసిపోయే తలుపులు, వెనక మెట్లు వచ్చాయి. వెర్సాయ్‌కి తిరిగి చేరిన పదిహేనో లూయీ కూడా తనకంటూ చిన్న గదులు కట్టించుకున్నాడు. పాంపదూర్‌ను మొదట ఉంచిన గదులు రాజు గదులకు పైన ఉండేవి, రెండింటికీ నడుమ చాటు మెట్లదారి ఉండేది.

స్త్రీలకు ‘బుద్వార్’ అనే చిన్న గది ఏర్పడింది. ఆ పేరు అలగడం అనే అర్థమున్న ఫ్రెంచి క్రియ నుంచి వచ్చింది. అలకపాన్పు తెలిసిన మనకు ఈ మాట వింత కాదు గాని, మన అలక ఎవరైనా వచ్చి తీర్చాలని ఎదురుచూస్తుంది. ఆ గదికి ఉన్న గుణం ఎవరినీ రానివ్వకపోవడం. నౌకర్లను ఎప్పుడూ ఎదుటే నిలబెట్టుకోకుండా, తీగ లాగితే ఎక్కడో గంట మోగి వాళ్లు వచ్చే ఏర్పాటు వ్యాపించింది. షువాజీలోని రాజు విడిదిలో భోజనం బల్ల కింది అంతస్తులో సిద్ధమై, నేల తెరుచుకుని పైకి వచ్చేది. వడ్డించేవాళ్ల కళ్లు, చెవులు గదిలో ఉండకుండా చూడటమే దాని ప్రయోజనం. జాన్ ఫ్రాంస్వా ఒబెన్ వంటి వడ్రంగి నిపుణులు మీట నొక్కితే తెరుచుకునే చాటు అరలున్న బల్లలు తయారు చేశారు. ఆ అరల్లో దాచేది నగలే కాదు, ఉత్తరాలు కూడా. ఉత్తరాలకు భయం తపాలాలోనే ఉండేది. వాటిని విప్పి చదివి మళ్లీ ముద్ర వేసి పంపే రాజోద్యోగుల రహస్య విభాగమే ఒకటి పనిచేసేది.

రొకోకో చిత్రాలు వేలాడింది ఈ గదుల్లోనే. తలుపుల పైన, అద్దాల పక్కన, చెక్క చట్రాల వంపుల్లో ఇమిడేలా వాటిని వేయించుకునేవారు. గవ్వలు, గులకరాళ్లతో చేసే తోట గుహల అలంకారానికి ఉన్న ఫ్రెంచి పేరు నుంచి ‘రొకోకో’ అనే మాట పుట్టింది; ఆ శైలి పాతబడ్డాక, శతాబ్దం చివర, కొత్త తరం చిత్రకారులు వెక్కిరింతగా పెట్టిన పేరది. మనం ఇవాళ మామూలుగా వాడేస్తున్నాం గాని వాతో, బూషె, ఫ్రాగొనార్‌లలో ఎవరూ తమ పనిని ఆ పేరుతో పిలుచుకోలేదు.

మొదటివాడు ఆంత్వాన్ వాతో. 1684లో వాలాంసియెన్‌లో పుట్టి, క్షయతో 1721లో, 37 ఏళ్లు నిండకుండానే చనిపోయాడు. ఫ్రెంచి రాజు ఆదరణలో నడిచే చిత్రకళా అకాడమీలో పూర్తి సభ్యత్వం కోసం ఇవ్వవలసిన చిత్రాన్ని ఐదేళ్లు ఆలస్యం చేసి 1717లో ఇచ్చాడు. ప్రేమదేవత వీనస్‌కు ప్రియమైన సిథీరా దీవికి ప్రేమికుల యాత్ర అందులోని విషయం. అకాడమీ దస్త్రంలో మొదట ఆ యాత్ర పేరు రాసి, కొట్టేసి, ‘ఫెత్ గలాంత్’ అని రాశారు. సరసుల వనవిహారం అనుకోవచ్చు. పురాణకథ అనాలో, నిజజీవితం అనాలో తెలియని ఒక కొత్త రకం చిత్రానికి అలా ఒక గది దొరికింది.

వాతో చిత్రాల్లో రహస్యం భర్తల నుంచి దాచింది కాదు. అది మన నుంచి దాచింది. ఆయన స్త్రీలు తరచు మనకు వీపు పెట్టి ఉంటారు. మెడ, పైకి దువ్వి కట్టిన జుట్టు, పట్టు గౌను మడతలు మాత్రమే కనిపిస్తాయి. ఒకరి చెవిలో ఒకరు ఏదో చెబుతుంటారు. సిథీరా చిత్రంలో విగ్రహం దగ్గర కూర్చున్న స్త్రీ విసనకర్ర వైపు చూపు దించుకుని ఉంటుంది, పక్కనే మోకరిల్లినవాడు ఏదో విన్నవించుకుంటాడు. ఆ మాట ఏమిటో మూడు వందల ఏళ్లుగా ఎవరూ వినలేదు. ఇంత సున్నితంగా మనల్ని బయట నిలబెట్టిన చిత్రకారుడు మరొకడు లేడని నా నమ్మకం. తర్వాత వచ్చినవాళ్లు నైపుణ్యంలో ఆయనకు తీసిపోలేదు. ఆ సంయమనం మాత్రం వాళ్లకు అబ్బలేదు.

ఫ్రాంస్వా బూషె విషయంలో నేను ఎక్కువసేపు ఆగను. 1750లో పాంపదూర్ బెల్వ్యూ భవనం కోసం ఆయన వేసిన ‘ప్రేమలేఖ’ ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది. పట్టుబట్టలు కట్టిన ఇద్దరు గొల్లపడుచులు తెల్లపావురానికి ఉత్తరం కట్టి పంపుతుంటారు. ముచ్చటైన చిత్రం. కాని ఎవరికీ ఏ ప్రమాదమూ లేని లోకంలో ఉత్తరాన్ని పావురానికి కట్టవలసిన పనేమిటి? రహస్యానికి ఉండవలసిన గుబులు ఆ అమ్మాయిల కళ్లలో లేదు. ఆ మనిషి దగ్గర సత్యం తప్ప అన్నీ ఉన్నాయని ఆనాటి రచయిత, కళావిమర్శకుడు దిదెరో 1761లో రాసిన మాట కటువైనదే గాని, ఈ చిత్రం ముందు నిలబడినప్పుడు కాదనలేం.

ఆ గుబులు తెలిసినవాడు ఫ్రాగొనార్. దక్షిణ ఫ్రాన్సులో సుగంధద్రవ్యాలకు, తోలు చేతితొడుగులకు పేరుపడిన గ్రాస్ పట్టణంలో 1732లో పుట్టాడు. చిత్రకారుడు షార్దాం దగ్గర కొన్నాళ్లు, తర్వాత బూషె దగ్గర నేర్చుకున్నాడు. యువ కళాకారులను ఇటలీకి చదువుకు పంపే రోమ్ బహుమతిని 1752లో గెలిచాడు. ఇటలీలో ఉండగా 1760 వేసవిలో తివోలిలోని ఎస్తె ప్రభువుల పాత ఉద్యానంలో కూర్చుని చెట్లను, ఫౌంటెన్లను అదేపనిగా గీశాడు. మనిషి నాటిన చెట్లు మనిషి చెయ్యి దాటి పెరిగిపోయిన తోట అది. ‘ఉయ్యాల’లోని చీకటి ఆకుల గుబురు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ గీతలు చూస్తే అర్థమవుతుంది. 1765లో పెద్ద పురాణచిత్రంతో అకాడమీ మెప్పు పొంది, రాజు కోసం చరిత్రచిత్రాలు వేసే గౌరవప్రదమైన దారి ముందు తెరుచుకుని ఉండగా, ఆయన ఆ దారి వదిలి సొంత పోషకుల గదుల కోసం వేయడానికి మళ్లాడు. ‘ఉయ్యాల’ను సాలోన్‌లో పెట్టనే లేదు.

1771-72లో ఆయనకు పెద్ద పని వచ్చింది. పదిహేనో లూయీ చివరి ప్రేయసి మదాం దు బారీకి లువ్సియెన్‌లో లెదూ అనే వాస్తుశిల్పి కొత్త మంటపం కట్టాడు. దానికోసం ఫ్రాగొనార్ నాలుగు భారీ చిత్రాలు వేశాడు, ఒక్కొక్కటి మూడు మీటర్లకు పైగా ఎత్తు. వాటిని ఇప్పుడు ‘ప్రేమ ప్రస్థానం’ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. అందులో ‘కలయిక’ అనే చిత్రాన్ని చూడండి. యువకుడు నిచ్చెన వేసుకుని తోట గోడ ఎక్కాడు. ఒక కాలు లోపలికి వచ్చింది. యువతి చేతిలో ఉత్తరం ఉంది. ఆమె రెండో చేయి అతణ్ణి ఆగమంటోంది. ఎవరో వస్తున్న అలికిడి అయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం లేదు, చప్పుడు వైపు చూస్తున్నారు. వాళ్లకు పైన వీనస్ విగ్రహం మన్మథుడికి అందకుండా అమ్ములపొదిని పైకెత్తి పట్టుకుంది. ప్రేమికుల కలయిక అని పేరు పెట్టిన చిత్రంలో వాళ్ల చూపులు కలవకపోవడం, అందులోని మూడో మనిషి చట్రం బయట ఎక్కడో ఉండటం, నాకు ఎన్నిసార్లు చూసినా తనివితీరని సంగతులు.

అదే వరుసలో మరో చిత్రంలో యువతి ప్రియుడికి పూలదండ తొడుగుతుంటే, పక్కన కూర్చున్న యువ చిత్రకారుడు వాళ్లను కాగితం మీద గీస్తుంటాడు. దాచుకోవలసినది తీరిపోయాక వాళ్లు కూర్చుని బొమ్మ వేయించుకుంటున్నారు. ఆ క్షణంలో చిత్రంలోని ఒత్తిడి సడలిపోతుంది. ఈ చిత్రాలను దు బారీ తిప్పి పంపేసింది, ఆ గోడల మీదికి వియెన్ అనే చిత్రకారుడు వేసిన గ్రీకు తరహా ప్రశాంత చిత్రాలు వచ్చాయి. అప్పటికే అభిరుచి మారుతోంది. ఫ్రాగొనార్ ఆ నాలుగింటినీ తన దగ్గరే ఉంచుకుని, 1790లో గ్రాస్‌లోని జ్ఞాతి ఇంటికి పట్టుకెళ్లి అక్కడి గదిలో పెట్టాడు. ఒక శతాబ్దం పైగా అక్కడే ఉండి, 1898లో అమ్ముడై, చివరికి 1915లో న్యూయార్క్‌లోని సంపన్న సేకర్త హెన్రీ క్లే ఫ్రిక్ చేతికి వచ్చాయి. ఇప్పుడు ఆయన ఇల్లే మ్యూజియం.

ఇక్కడ ఒక పక్కమాట చెప్పుకోవాలి. ఈ చిత్రాల గురించి మాట్లాడినప్పుడల్లా తెలుగు శ్రోతలు అభిసారిక గురించి, దూతిక గురించి, చెలికత్తె గురించి అడుగుతారు. పోలిక సహజమే, ఉత్తరం, సంకేతస్థలం, అలికిడికి ఉలికిపాటు రెండు చోట్లా ఉన్నాయి. కాని ఒక పెద్ద తేడాను మరచిపోకూడదు. మనం పాడుకునే శృంగార పదాల్లో నాయిక మాట్లాడుతుంది. ఆమె కోపం, కోరిక, ఎత్తిపొడుపు, అన్నీ ఆమె నోటే వింటాం. ఫ్రెంచి చిత్రంలో నాయికకు నోరు లేదు. ఆమె ఏమనుకుంటోందో మనం ఊహించాలి, ఆ ఊహకు దారి వేసింది డబ్బిచ్చి చిత్రం వేయించుకున్న పురుషుడు.

ఆ పురుషుడికీ, ఆ స్త్రీకీ రహస్యం ఒకటే బరువు కాదు. కులీన కుటుంబాల్లో ఆడపిల్లలు కాన్వెంటు మఠాల్లో పెరిగి, రెండు కుటుంబాలు నోటరీ ముందు కుదుర్చుకున్న ఒప్పందంతో పెళ్లి చేసుకునేవారు. ఆ తర్వాత భర్త ప్రేయసిని పెట్టుకుంటే చట్టం పట్టించుకునేది కాదు. భార్య మీద నేరం రుజువైతే ఆమెను మఠంలో నిర్బంధించవచ్చు; రెండేళ్లలోగా భర్త వెనక్కి పిలవకపోతే ఆమె జీవితాంతం అక్కడే. మన్మథుడి వేలు అతనికి సరదాగా చేసిన సైగ. ఆమెకు అది నిజమైన హెచ్చరిక. పదునైన పట్టు మెరుపుల వెనక ఈ సంగతి ఉందని గుర్తుంచుకుని చూస్తే ‘ఉయ్యాల’ అందం తగ్గదు. ఆ యువతి చెప్పు ఎగరవేయడంలోని తెగువ ఎంతటిదో తెలుస్తుంది.

ఈ బరువు ఫ్రాగొనార్‌కు తెలుసని నేను నమ్మడానికి కారణం ‘గడియ’ చిత్రం. 1777-78 ప్రాంతంలో వేరి ప్రభువు కోసం వేశాడు. చీకటి పడకగది. చొక్కా, లోదుస్తులతో ఉన్న యువకుడు ఒక చేత్తో యువతిని నడుము పట్టి, రెండో చేతిని పైకి చాచి వేలి కొసలతో తలుపు గడియను తోస్తున్నాడు. పసుపు పట్టు గౌనులో ఆమె వెనక్కి వాలిపోతోంది. ఆమె చేయి అతని ముఖాన్ని నెడుతోంది. కుర్చీ పడిపోయి ఉంది. నేల మీద పూలగుత్తి. అటు చివర బల్ల మీద ఒకే ఒక ఆపిల్ పండు. వెలుగు ఆ పండు దగ్గర మొదలై, మంచం మీదుగా ఇద్దరి శరీరాలను దాటి, ఏటవాలుగా గడియ దాకా పాకుతుంది.

కాన్వాసులో దాదాపు సగం మంచానిదే. ఎర్రని తెరలు, నలిగిన దుప్పట్లు, మనిషి శరీరపు వంపుల్లాగా ఉబ్బిన దిండ్లు, అంతే. ఆ సగంలో చూడటానికి ఏమీ లేదనీ, ఉన్నదంతా అక్కడే ఉందనీ కళాచరిత్రకారుడు దానియెల్ అరాస్ గొప్పగా వివరించాడు. దుప్పట్లు ఇప్పటికే నలిగి ఉన్నాయి. జరగబోయేదీ, జరిగిపోయినదీ ఒకే చిత్రంలో కలిసిపోయాయి. ఇక ఆమె సమ్మతి సంగతి. ఒక తరం విమర్శకులు దీన్ని ఉద్వేగభరితమైన ప్రేమదృశ్యంగా చదివారు. ఇవాళ చాలామంది బలాత్కారంగా చదువుతారు. నేను చాలాకాలం మొదటి పక్షాన ఉన్నాను. ఆమె చేతిని తీరిగ్గా చూసిన తర్వాత ఆ పక్షాన ఉండలేకపోయాను. ఆ అరచేయి అతని ముఖానికి ఆని ఉంది, నిమరడానికి కాదు. ‘ఉయ్యాల’లో తలుపు లేదు, పారిపోవడానికి తోట ఉంది, తాళ్లు ఆమె చేతుల్లోనూ ఉన్నాయి. ఇక్కడ గడియ అతని వేలికి మాత్రమే అందుతుంది. మూడో మనిషిని బయట ఉంచే ఆ తలుపే ఆమెను లోపల ఉంచుతోంది. ఒకే చిత్రకారుడు పదేళ్ల తేడాతో రహస్యానికి ఉన్న రెండు ముఖాలనూ వేశాడు.

ఈ చిత్రానికి జోడీగా వేరి ప్రభువు దగ్గర వేలాడినది ఏమిటో తెలుసా? అదే చిత్రకారుడు వేసిన ‘గొర్రెలకాపరుల ఆరాధన’. బాలయేసు చుట్టూ చేరిన కాపరులు. పండుతో మొదలైన పతనం ఒక వైపు, దాన్ని విమోచించే జననం మరో వైపు అని కొందరు అర్థం చెబుతారు. కావచ్చు. ఆ ఇంట్లో రోజూ ఆ రెండింటి మధ్య నడిచిన మనుషులు ఏమనుకున్నారో మాత్రం ఊహకే వదలాలి.

రహస్యం బయటపడితే ఏమవుతుందో కూడా ఆయన వేశాడు. 1778లో స్వయంగా రాగిరేకు మీద గీసి అచ్చువేసిన ‘బీరువా’లో తల్లిదండ్రులు బీరువా తలుపు తెరిచేశారు. తండ్రి చేతిలో కర్ర ఉంది. లోపల కుర్రవాడు టోపీని తన ముందు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. పిల్ల ముఖం దాచుకుని ఏడుస్తోంది. చిన్నపిల్లలు తలుపు దగ్గర నుంచి తొంగి చూస్తున్నారు. ‘ఉయ్యాల’ యువకుడు ముందుకు చాచిన టోపీ ఇక్కడ సిగ్గును కప్పుకునే అడ్డుగా మారింది. ఈ రెండు టోపీలను పక్కపక్కన పెట్టి చూడమని నా విద్యార్థులకు ఎప్పుడూ చెబుతుంటాను.

ఆ కాలం ముగింపు దశలో, 1780ల చివర వేసినదిగా చెప్పే ‘దొంగముద్దు’ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. పోలండ్ రాజు స్తనిస్లావ్ ఆగస్ట్ సేకరణలోది. 1895లో రష్యాకు చేరింది. మెరిసే పట్టు గౌను వేసుకున్న యువతి శాలువా తీసుకునే నెపంతో పక్క గదిలోకి వచ్చింది. బాల్కనీ తలుపు లోంచి వచ్చిన యువకుడు ఆమె చెంప మీద ముద్దు పెడుతున్నాడు. సగం తెరిచిన ఇంకో తలుపు అవతల పెద్దవాళ్లు పేకాడుతున్నారు. ఆమె శరీరం అతని వైపు ఒరిగింది, కళ్లు మాత్రం తలుపు వైపు ఉన్నాయి, చేయి శాలువాను వదల్లేదు. ఎవరైనా వస్తే చెప్పవలసిన సాకు ఆ చేతిలో సిద్ధంగా ఉంది.

ఇంతవరకు చెప్పినదంతా మూసిన గదుల కథ. కాని ఈ చిత్రాలు గదుల్లో ఆగిపోలేదు. నికొలా ద లోనె 1782లో ‘ఉయ్యాల’ను, మొరిస్ బ్లో 1784లో ‘గడియ’ను రాగిరేకు మీద చెక్కి అచ్చు వేశారు. ఒక పెద్దమనిషి తన కోసం, తన ప్రేయసి కోసం వేయించుకున్న రహస్యం కాగితం మీద పడి, కొనగలిగిన ప్రతి ఇంటి గోడకూ చేరింది. మన్మథుడి వేలు అలాగే పెదవి మీద ఉంది. బయటి గోడల మీద, ప్రతిమీద ప్రతిగా, ఎవరికీ చెప్పవద్దని అతడు చెబుతూనే ఉన్నాడు.

తర్వాత ఫ్రెంచి విప్లవం వచ్చింది. మదాం దు బారీని 1793 డిసెంబరులో గిలటీన్‌కు పంపారు. ఫ్రాగొనార్ పోషకుల్లో కొందరు దేశం విడిచారు, కొందరు ఆస్తులు పోగొట్టుకున్నారు. ఆయన వేసే రకం చిత్రాలను అడిగేవారు లేకపోయారు. కొత్త తరం చిత్రకారులకు నాయకుడైన దవీద్ ఆయన మీద గౌరవంతో, ప్రజలకు కొత్తగా తెరిచిన లూవ్ర్ మ్యూజియం నిర్వాహకుల్లో ఆయనకు చోటు ఇప్పించాడు. రాజుల సొత్తుగా ఉన్న చిత్రాలను లెక్కపెట్టడం, బాగుచేయించడం, అందరికీ కనిపించేలా గోడలకెక్కించడం ఆ ఉద్యోగుల పని. మూసిన తలుపుల వెనక చూడవలసిన చిత్రాలు వేసి బతికిన మనిషి, ఎవరైనా నడిచి వచ్చి చూడగల ఆ పొడవాటి గదుల్లో కొన్నేళ్లు పనిచేసి, 1806 ఆగస్టులో పారిస్‌లో చనిపోయాడు. ఆయన ‘గడియ’ ఆ భవనంలో అడుగుపెట్టింది 1974లో.